"మా కాలేజీ" అని ఫ్యాకల్టీ నోట ఎందుకు రావట్లేదు? కేక్ కోస్తే వస్తుందా?

బ్రాడీపేట బయోకెమ్:
గుంటూరు, విజయవాడ మధ్యలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో చేస్తున్నా, పేరు వద్దులెండి. చేరి రెండేళ్లు దాటినా "నేను పనిచేసే కాలేజీ" అంటున్నాను గానీ "మా కాలేజీ" అనడానికి నోరు రావట్లేదు. జులై 1న డాక్టర్స్ డే కేక్ కోస్తారు, ఫొటో దిగుతాం, స్టాఫ్ గ్రూపులో పెడతారు, అయిపోయింది. ఏడాదిన్నర పాటు నాకు సొంత బల్ల కూడా లేదు, ట్యూటర్ల గదిలో సర్దుకున్నా. టైమ్‌టేబుల్ గోడకి అంటించాకే తెలిసేది. పైగా నాన్ క్లినికల్ కదా, "మీకేం, పేషెంట్లా పాడా" అని ఒక మాట. ఈ గెట్ టుగెదర్లతో ఏమైనా ఒరుగుతుందంటారా?

సూర్యారావుపేట సర్జన్:
మేడమ్, ముందు ఒకటో తారీఖున జీతం పడనివ్వండి, కాలేజీ దానంతటదే మనదైపోతుంది. ఫ్యాకల్టీకి 75 శాతం హాజరు రూలు ముందు నుంచీ ఉన్నదే, కాదనను. కానీ 2025 మే నుంచి ఎన్ఎంసీ (మెడికల్ కాలేజీల మీద అజమాయిషీ చేసే నేషనల్ మెడికల్ కమిషన్) వాళ్ల ఫేస్ అటెండెన్స్, దానికి జీపీఎస్ కూడా. రాత్రంతా ఎమర్జెన్సీలో నిలబడి పొద్దున్నే ఫోను ముందు కళ్లార్పుతుంటే, అది మన చోటు అనిపిస్తుందా, చెక్‌పోస్టు అనిపిస్తుందా?

బ్రాడీపేట బయోకెమ్:
హాజరుని తప్పుపట్టను సార్. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనిపించే ఘోస్ట్ ఫ్యాకల్టీ మాకూ ఉండేవారు, వాళ్ల క్లాసులన్నీ నా నెత్తినే పడేవి.

రిటైర్డ్ గుంటూరోడు:
నేను సర్కారు మనిషిని, జీతం ఎప్పుడూ ఆగలేదు, అయినా బదిలీ మీద వెళ్లిన కొన్ని చోట్ల చుట్టంలాగే ఉండి వచ్చాను, కాబట్టి సర్జన్ గారి లెక్క సగమే నిజం. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లినవాళ్లు జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి) భవనాలకు డబ్బులిచ్చారు. అక్కడ పాఠాలు చెప్పిన మాలో ఎంతమందిమి రిటైరయ్యాక మళ్లీ ఆ గడప తొక్కాం? స్టూడెంట్‌కి బ్యాచ్ ఉంటుంది, సీనియర్లుంటారు. మాకు పోస్టింగ్ ఆర్డరు ఉంటుంది. ఒక ఊళ్లో మాత్రం, చేరిన వారానికే మా హెచ్ఓడీ (డిపార్ట్‌మెంటు హెడ్) "ఇంటర్నల్ పేపరు మీరే సెట్ చేయండి, నేను చూడను" అన్నారు. భయమేసింది. ఆ డిపార్ట్‌మెంటుని ఇప్పటికీ "మా" అనే అంటాను.

సూర్యారావుపేట సర్జన్:
మంచి హెచ్ఓడీ దొరకడం మీ అదృష్టం సార్, అది పద్ధతి కాదుగా. ఆయన బదిలీ అయితే?

బ్రాడీపేట బయోకెమ్:
నా భయమూ అదే. ఏ పాఠం ఎప్పుడు, ఎలా చెప్పాలో చూసే కరిక్యులమ్ కమిటీ ప్రతి కాలేజీకీ ఉండాలి కదా, మా దాంట్లో అందరూ ప్రొఫెసర్లే. ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్‌నైనా కూర్చోబెట్టమని సోమవారం లెటర్ ఇస్తున్నా. కేక్ మాత్రం మాననులెండి, బాగుంటుంది.