"క్రీస్తు అనబడిన యేసు": ఆ 'అనబడిన'లో అనుమానం ఉందా?

ప్రశ్న: మత్తయి సువార్త 1:16లో "క్రీస్తు అనబడిన యేసు" అని ఉంది. యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా ఇదే మాట రాశాడని, యేసు నిజంగా ఉన్నాడనడానికి అదో ఆధారమని అంటారు. ఇవాళ మనం "మేధావులు అనబడేవాళ్లు" అంటే అందులో వెటకారం ఉంటుంది కదా. జోసెఫస్ మాటలోనూ అలాంటిదేమైనా ఉందా? గ్రీకు తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు: వెటకారం లేదండీ. అలాగని యేసే క్రీస్తు అన్న ఒప్పుకోలూ లేదు. గ్రీకులో అక్కడున్నది 'లెగొమెనొస్'. ఒక మనిషికో ఊరికో వాడుకలో ఉన్న పేరు చెప్పేటప్పుడు వచ్చే మామూలు మాట. ఇవాళ్టి తెలుగులో "క్రీస్తు అని పిలిచే యేసు" అంటే సరిపోతుంది.

సందర్భం చూస్తే ఇంకా తేటపడుతుంది. ఈ మాట ఉన్నది యూదుల చరిత్ర మీద జోసెఫస్ క్రీ.శ. 93 ప్రాంతంలో ముగించిన పెద్ద గ్రంథంలో, 20వ పుస్తకంలో. చెబుతున్నది క్రీ.శ. 62 సంగతి. యూదయలో రోమన్ అధికారి ఫేస్తు చనిపోయాడు. కొత్తగా వేసిన అల్బినస్ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ సందు చూసుకుని ప్రధాన యాజకుడు అననస్ సభ పిలిచి, కొందరిని రాళ్లతో కొట్టి చంపడానికి అప్పగించాడు. వాళ్లలో ఒకడు "క్రీస్తు అనబడిన యేసు సోదరుడు, పేరు యాకోబు". అక్కడ యేసు గురించి ఇంకొక్క ముక్క లేదు. జోసెఫస్ చెప్పదలచుకున్నది అననస్ పదవి ఎలా పోయిందన్నది. ఏ యాకోబో తెలియడానికి మాత్రమే యేసు పేరు వచ్చింది. నా దృష్టిలో ఈ వాక్యం విలువంతా అదే. అదే గ్రంథం 18వ పుస్తకంలో మాత్రం యేసు గురించి "ఆయనే క్రీస్తు" అని సూటిగా ఉంది. అది తర్వాత ప్రతులు రాసిన క్రైస్తవ లేఖకులు చేర్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఇంకొకరు: మరి ఇదీ చేర్చింది కాదని ఏమిటి సార్? మత్తయి 1:16లో ఈ మాటే రాసింది యేసును నమ్మినవాడే కదా. ఎవరో లేఖకుడు ఆ మాట మార్జిన్‌లో రాసుకుంటే తర్వాతి ప్రతిలో కలిసిపోయి ఉండొచ్చు. పైగా అననస్ తర్వాత పదవికి వచ్చినవాడు దమ్నేయస్ కొడుకు, అతని పేరూ యేసే! చనిపోయింది ఆ యేసు తమ్ముడేమో.

జవాబు: మత్తయి సంగతి గట్టి అభ్యంతరమే. కానీ అదే సువార్త 27వ అధ్యాయంలో ఈ మాట రెండుసార్లు యేసును విచారించిన రోమన్ అధికారి పిలాతు నోట వస్తుంది. అంటే బయటివాడు అనడానికీ వీలైన మాటే. ఇక ఆ యేసు దమ్నేయస్ కొడుకే అయితే, పేరు మొదట వచ్చిన చోటే జోసెఫస్ తండ్రి పేరు చెప్పాలి కదా, తర్వాత ఎందుకు చెబుతాడు? మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఆరిజెన్ కూడా జోసెఫస్ మాటగా దీన్ని ఎత్తి చూపాడు. అయితే యాకోబును చంపినందుకే యెరూషలేము నాశనమైందని జోసెఫస్ రాసినట్టు కూడా ఆయన చెప్పాడు. అది మనకు దొరికిన ప్రతుల్లో లేదు. అందుకే నేను ఆరిజెన్ మీద పూర్తి భారం వెయ్యను.

నేను ఎక్కువ పట్టించుకునేది పౌలు గలతీయులకు రాసిన ఉత్తరం, 1:19. యెరూషలేములో ప్రభువు (అంటే యేసు) సహోదరుడైన యాకోబును చూశానని ఆయన రాసింది క్రీ.శ. 50ల ప్రాంతంలో, అంటే యాకోబు ఇంకా బతికుండగానే.