రైఫిల్ తూటా మూతి నొక్కాలా, వద్దా? మా టెక్సాస్ బావతో తగువు

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా అక్క మొగుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ ఖాళీ కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) మందు నింపి, మూతిలో బుల్లెట్ (పేల్చితే ఎగిరివెళ్లే ముక్క) కూర్చోబెట్టి తూటాలు ఇంట్లోనే చేసుకోవడం మామూలే. ఆయన దగ్గర రెండు రైఫిళ్లు, 30-30 లీవర్ రకం ఒకటి, .308 బోల్ట్ రకం ఒకటి (ఆ అంకెలు తూటా రకాల పేర్లు). రెండింటి తూటాలకూ చివర్లో క్రింప్ డై (కేసు మూతిని బుల్లెట్ మీదకు నొక్కే అచ్చు) పెట్టి మూతి బిగించేస్తాడు. 'పట్టు గట్టిగా ఉంటేనే గురి' అంటాడు. .308కి అది దండగని నా వాదన. ఇక్కడెవరూ చేసి చూడకండి, 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం. వాదనకైతే లైసెన్సు అక్కర్లేదు కదా!

గంజాం కుర్రాడు (బరంపురం):
అన్నా, మీ బావగారే కరెక్ట్. మిలిటరీ తూటాలకు క్రింప్ ఉంటుంది. లక్షల్లో తయారుచేసేవాళ్లకు తెలీదంటారా?

పాత ఆర్మరర్ (జయపురం):
తమ్ముడూ, మిలిటరీవాడు నొక్కేది గురి కోసం కాదు. మెషిన్‌గన్ ఒక్కో తూటానూ బెల్టులోంచి లాగి ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా పేలే అరలోకి) విసురుతుంది. ఆ విసురుకు బుల్లెట్ కదలకూడదు. లోపలికి దిగబడితే మందుకు చోటు తగ్గి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

30-30 సంగతి వేరు. 1895 నాటి తూటా అది. లీవర్ రైఫిల్లో బ్యారెల్ కింద గొట్టం ఉంటుంది, తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగునున్న ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందును అంటించే బిళ్లకు) ఆనుకుంటుంది, అందుకే ఆ బుల్లెట్ల ముక్కు చదునుగా చేస్తారు. స్ప్రింగ్ నెడుతూనే ఉంటుంది, పేల్చినప్పుడల్లా అన్నీ గుద్దుకుంటాయి. అక్కడ క్రింప్ లేకపోతే కుదరదు. బోల్ట్ రైఫిల్‌తో అట్ట మీద గురి చూసి కాల్చేవాడికి ఆ బాధ లేదు. సైజింగ్ డై (వాడిన కేసును మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) కేసు మెడను బుల్లెట్ కంటే అంగుళంలో వెయ్యోవంతులు రెండు మూడు సన్నం చేస్తుంది. ఆ పట్టు చాలు.

నాగావళి (రాయగడ):
నాది లేత్ పని. ఇత్తడిని నొక్కి వదిలితే కాస్త వెనక్కి విచ్చుకుంటుంది, బుల్లెట్ లోపలి సీసం మాత్రం నొక్కిన చోటే ఉండిపోతుంది. అంటే అతిగా నొక్కితే ఉన్న పట్టు కూడా పోతుంది! మీ బావగారిని ఒక తూటా వేళ్లతో తిప్పి చూడమనండి. బుల్లెట్ తిరిగిందా, ఆయన కథ కంచికే.

గంజాం కుర్రాడు:
మరి అంత పనికిరానిదైతే కంపెనీలు క్రింప్ డై విడిగా ఎందుకు అమ్ముతాయి?

పాత ఆర్మరర్:
మంచి ప్రశ్న. బుల్లెట్ కూర్చోబెట్టే డైలోనే చాలావాటికి క్రింప్ అంచు ఉంటుంది. అందులో కేసు కొంచెం పొడవైతే ఎక్కువ నొక్కుతుంది, పొట్టిదైతే అసలు తాకదు. పైగా బుల్లెట్ ఇంకా దిగుతుండగానే మూతి ముడుచుకుంటే కేసు భుజం (మెడ కింది వాలు) ఉబ్బుతుంది, ఆ తూటా ఛాంబర్‌లో పట్టదు. నేను చూసిన ఉబ్బు కంటికి ఆనలేదు, గోటితో తడిమితేనే తెలిసింది. అందుకే కూర్చోబెట్టడం ఒకసారి, నొక్కడం ఇంకోసారి. లీ కంపెనీ ఫ్యాక్టరీ క్రింప్ డై అయితే కాలెట్‌తో (చీలికలున్న బిగింపు ఉంగరంతో) పక్కల నుంచి నొక్కుతుంది, కేసు పొడవులో చిన్న తేడాలున్నా పట్టించుకోదు.

గంజాం కుర్రాడు:
సరే గురువుగారూ, కానీ లైట్‌గా నొక్కితే గ్రూపులు (అట్ట మీద పడిన రంధ్రాలు) దగ్గరపడ్డాయని .308 వాళ్లే చాలామంది చెబుతారు. వాళ్లందరిదీ భ్రమేనా?

పాత ఆర్మరర్:
కాదు. కొన్ని మందులు అంత తేలిగ్గా అంటుకోవు, కొద్దిపాటి క్రింప్ ఉంటే అన్నీ ఒకేలా అంటుకోవచ్చు. 'కొద్దిపాటి' అన్నాను. ఈయన బావ చేసేది అది కాదు.

మహేంద్రతనయ:
ఇప్పుడే ఫోన్ చేశా. .308లో వాడేవి గాడి (మూతి నొక్కడానికి బుల్లెట్ చుట్టూ ఉండే గీత) లేని బుల్లెట్లట! గాడి లేనిచోట అంత గట్టిగా నొక్కితే పైనున్న రాగి తొడుగు నొక్కుకుపోదా? ఆదివారం సగం నొక్కి, సగం నొక్కకుండా కాల్చమన్నాను, సరేనన్నాడు.

గంజాం కుర్రాడు:
కేసులన్నీ ఒకే పొడవుకు కోసుకోమనండి. మందు కూడా రెండింటిలో ఒకే తూకం ఉండాలి. లేకపోతే ఆ ఫలితం నేను ఒప్పుకోను.