కూలీల జీతాల ఉత్తరం మీద గుడి సంతకం పెట్టొచ్చా?

పెనుగొండ_ప్రసాద్
ఇక్కడ అమెరికాలో మా ఊళ్ళో నాలుగు చర్చిలు, ఒక యూదుల ప్రార్థనాలయం, ఒక మసీదు కలిసి కౌంటీకి, అంటే జిల్లా పాలకులకి, ఉత్తరం రాశాయి. మోటళ్ళలో గదులు శుభ్రం చేసేవాళ్ళకీ, రెస్టారెంట్ వంటిళ్ళలో పనిచేసేవాళ్ళకీ జీతాలు ఎగ్గొడుతున్నారు, వీళ్ళలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళు, కాస్త పట్టించుకోండి అని. మన గుడినీ సంతకం అడిగారు. కమిటీలో రెండుగంటలు వాదించుకుని ఏమీ తేల్చకుండా లేచాం. నేను పెట్టాలనే అంటున్నాను. వచ్చే మీటింగుకి ముందు మీ మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా.

రావుగారబ్బాయి
వద్దు. శనివారం గుడికెళ్తే అర్చన చేయించుకుని, నాలుగు మెతుకులు పులిహోర తిని, ప్రశాంతంగా ఇంటికి రావాలి. వారమంతా ఆఫీసులో ఎలాగూ టెన్షనే, గుళ్ళో కూడా సంతకాల సేకరణా? పైగా రాజకీయాల్లో వేలు పెడితే గుడికున్న పన్ను మినహాయింపు పోతుంది. రాజగోపురానికి చందాలిచ్చిన వాళ్ళలో మోటళ్ళున్న వాళ్ళెంతమందో ప్రసాద్ గారికి నేను చెప్పాలా?

లెక్కల_మాస్టారు
మినహాయింపు పోదు. 1954లో వచ్చిన నిబంధన అడ్డుకున్నది ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండి, వెయ్యొద్దు అనడాన్ని. ఒక సమస్య మీద మాట్లాడొచ్చు. చట్టం మార్చమని కూడా అడగొచ్చు, కాకపోతే అదే ప్రధానమైన పని కాకూడదు. ఒక ఉత్తరానికి ఏమీ కాదు. చందాల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

బేకర్స్‌ఫీల్డ్_సుబ్బలక్ష్మి
రావుగారబ్బాయి అసలు సంగతి చివరి వాక్యంలో చెప్పేశాడు. ఇది మతమూ రాజకీయమూ గొడవ కాదు, చందాల గొడవ.

మా కాలిఫోర్నియాలో, మా ఇంటినుంచి డెలానో అనే ఊరు అరగంట కారు ప్రయాణం. 1965 సెప్టెంబరులో అక్కడి ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు లారీ ఇట్లియాంగ్ వెనక సమ్మెకి దిగారు. వారం తిరిగేసరికి సీజర్ చావెజ్ నడిపే యూనియన్‌లోని మెక్సికన్ కూలీలు కూడా కలిశారు. మరుసటేడు డెలానో నుంచి శాక్రమెంటో దాకా దాదాపు 300 మైళ్ళు నడిచారు. ముందు వరసలో మెక్సికన్లు కొలిచే మరియమ్మ, గ్వాడలూపే మాత పతాకం. ఈస్టర్ నాటికి ఆ రాష్ట్ర రాజధాని చేరారు. 1968లో హింస వద్దంటూ చావెజ్ 25 రోజులు ఉపవాసం చేస్తే, విరమణ రోజున సెనేటర్ రాబర్ట్ కెనెడీ వచ్చి పక్కన కూర్చున్నాడు. గాంధీగారి పద్ధతి అని చావెజే చెప్పుకున్నాడు.

ఇవన్నీ ఫోటోల్లో బాగుంటాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, తోటల యజమానుల్లో చాలామంది కూడా కూలీల్లాగే క్యాథలిక్కులే. ఆదివారం వాళ్ళు వెళ్ళేదీ ఆ చర్చిలకే, చందాలు వేసేదీ ఆ హుండీల్లోనే. అందుకే ఊరి ఫాదర్లు చాలాకాలం గోడమీద పిల్లిలా కూర్చున్నారు. కూలీల పక్కన నిలబడ్డ పాస్టర్లలో చాలామంది బయటనుంచి వచ్చినవాళ్ళు, వలస కూలీల కోసం ప్రొటెస్టంట్ చర్చిలు నడిపిన మైగ్రంట్ మినిస్ట్రీ వాళ్ళు. మా ఊరి పరువు తీశారని స్థానిక చర్చిల వాళ్ళు వాళ్ళ మీద మండిపడ్డారు. చివరికి బిషప్పుల కమిటీ ఒకటి ఇద్దరి మధ్య కూర్చుని మాట్లాడాక, 1970 జులైలో డెలానో యజమానులు యూనియన్‌తో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సమ్మె మొదలై అప్పటికి ఐదేళ్ళు కావస్తోంది.

మన కమిటీ ఇప్పుడున్నది ఆ ఫాదర్ల స్థానంలో. అదొక్కటీ ఒప్పుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు.

కరీంనగర్_కిరణ్
అక్కా, కథ సగంలో ఆపేశారు. 1974లో అదే యూనియన్ కాగితాలు లేని కూలీలను ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పట్టించమని తన మనుషులకే చెప్పింది. సమ్మె విరగ్గొడుతున్నారని వాళ్ళ మీద కోపం. అంటే మాత పతాకం కింద నడిచినవాళ్ళు కూడా వలస కూలీ అందరికీ అండగా లేరు. ఇంకోటి, కనీస వేతనాల చట్టం 1938 నుంచీ ఉంది. చట్టం ఉన్నచోట గుడి ఉత్తరం దేనికి? జీతం రానివాడు ఫిర్యాదు చేసుకుంటాడు.

బేకర్స్‌ఫీల్డ్_సుబ్బలక్ష్మి
1974 సంగతి నిజమే, కాదనను.

పేరు_వద్దు
ఫిర్యాదు చేసుకుంటాడు అని కిరణ్ అన్న తేలిగ్గా అనేశారు. ఎమ్మెస్ చదివేటప్పుడు మనవాళ్ళ రెస్టారెంట్ ఒకదాంట్లో శుక్ర, శని, ఆదివారాలు గిన్నెలు కడిగాను. ఊరూ పేరూ చెప్పను. బిర్యానీ డేగిశా అడుగున మాడింది గీకడానికి ఒక్కోదానికి పావుగంట పట్టేది. వేడినీళ్ళకీ కెమికల్‌కీ వేళ్ళసందుల్లో తోలు ఊడిపోయేది. డబ్బు కవర్లో పెట్టి ఇచ్చేవారు. చివరి రెండు నెలలది ఇవ్వలేదు. అడిగితే ఓనర్ నవ్వుతూ అన్నాడు, "నీ వీసా ఏంటో నాకు తెలుసు కదరా." అంతే, మళ్ళీ అడగలేదు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ప్రభుత్వమే దొంగ కాలేజీ పెట్టి 2019లో మనవాళ్ళని పట్టుకున్నాక, ఆఫీసు అన్న మాట వింటేనే గుండె దడ. నన్నెవరు ఫిర్యాదు చెయ్యమంటున్నారు? ఆయన ఇప్పటికీ మా గుడి అన్నదానానికి స్పాన్సర్.

రావుగారబ్బాయి
తమ్ముడూ, నువ్వు పడ్డది కష్టమే. కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద బయట పనిచెయ్యడం నీ తప్పు కూడా కదా? రూల్స్ పాటించి, లైన్లో నిలబడి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. రేపు గుడి ఇలాంటివాటికి వత్తాసు పలికితే, తనిఖీకి వచ్చేది ఎక్కడికి? గుడికే.

లెక్కల_మాస్టారు
అతని తప్పు వీసా చట్టంలో. చేసిన పనికి జీతం ఇవ్వకపోవడం యజమాని తప్పు. ఒకదానికి ఇంకోటి చెల్లు అని ఏ చట్టమూ చెప్పదు. వీసా ఏదైనా, అసలు లేకపోయినా, చేసిన గంటలకి కనీస వేతనం ఇవ్వాల్సిందే. గడువు మాత్రం రెండేళ్ళే, కావాలనే ఎగ్గొట్టినట్టు తేలితే మూడు.

ఇక చట్టం ఉండగా గుడి దేనికన్న కిరణ్ ప్రశ్న. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో జీతాల విభాగానికి ఫిర్యాదు కూలీయే ఇవ్వాలని లేదు. మూడో మనిషి ఇవ్వొచ్చు, పేరు కూడా గోప్యంగా ఉంచుతారు. పేరు_వద్దు లాంటివాడు ఆ మెట్లెక్కలేడు. పాస్టరుకో, యూదుల గురువు రబ్బైకో ఉద్యోగం ఊడుతుందన్న భయం లేదు, వీసా పోతుందన్న భయం లేదు. అతని తరఫున వాళ్ళు ఫోన్ చెయ్యగలరు. ఉత్తరం కంటే నాకు ఇదే పనికొచ్చేదిగా కనిపిస్తోంది.

తనిఖీల భయం వట్టిదని నేననను. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ప్రార్థనాలయాల జోలికి పోకూడదన్న పాత విధానాన్ని 2025 జనవరిలో తీసేశారు. అయితే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు కోర్టుకెళ్ళారు. శాక్రమెంటో గురుద్వారా కూడా వాళ్ళతో చేరింది. ఫిబ్రవరిలో మేరీలాండ్ జడ్జి ఆ పిటిషనర్ల వరకు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. అంటే రక్షణ దొరికింది అడిగినవాళ్ళకే.

కరీంనగర్_కిరణ్
మాస్టారూ, మూడో మనిషి ఫిర్యాదు సంగతి నాకు తెలీదు. అది బాగుంది. కానీ ఉత్తరం మీద నా అభిప్రాయం మారలేదు. సంతకం పెట్టి, ఫోటో దిగి, ఫేస్‌బుక్‌లో వేసుకుని మర్చిపోతారు.

టంపా_వెంకట్
మా ఫ్లోరిడాలో ఫోటోతో ఆగలేదు. ఇమ్మొకలీ అని టమాటా తోటల ఊరు. 32 పౌండ్ల బకెట్ నింపి లారీ దాకా మోస్తే చేతికొచ్చేది 45 సెంట్ల లోపు. కూలీలు అడిగింది పౌండుకి ఒక్క సెంటు ఎక్కువ, అదీ తోట యజమానిని కాదు, టమాటాలు కొనే కంపెనీలని. 2001లో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ బహిష్కరణ మొదలుపెట్టారు. మరుసటేడు ప్రెస్బిటేరియన్ చర్చి మద్దతు ప్రకటించింది. తమాషా ఏంటంటే ఆ చర్చి ప్రధాన కార్యాలయమూ, టాకో బెల్ మాతృసంస్థ ప్రధాన కార్యాలయమూ అప్పట్లో ఒకే ఊళ్ళో, లూయివిల్‌లో ఉండేవి. 2005 మార్చిలో కంపెనీ ఒప్పుకుంది. ప్రసంగాలు విని కాదు, తినేవాళ్ళు తినడం మానేశారు కాబట్టి.

మన గుడికి కూడా ఆ పాటి బలం ఉంది. కల్యాణోత్సవానికి భోజనాలు, కూరగాయలు, అతిథులకి మోటల్ గదులు ఎవరి దగ్గర తీసుకోవాలో తేల్చేది కమిటీయే కదా. జీతాలు సరిగ్గా ఇచ్చేవాళ్ళకే ఆర్డరు అని ఒక ముక్క రాసుకోండి. కౌంటీని బతిమాలాల్సిన పనిలేదు.

రావుగారబ్బాయి
ఎవరు సరిగ్గా ఇస్తున్నారో కమిటీకి ఎలా తెలుస్తుందండీ? ఇంటింటికీ వెళ్ళి జీతాల రిజిస్టర్లు చూస్తారా?

విజయవాడ_పద్మజ
మిగతావాళ్ళవి చూడటం కష్టం గానీ గుడిది చూడొచ్చు. మన అర్చకస్వాములు కూడా వలస వచ్చిన ఉద్యోగులే. మతపరమైన ఉద్యోగాలకిచ్చే వాళ్ళ ఆర్-1 వీసా గుడి చేతిలో ఉంది. నెలకి సెలవులెన్ని, ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతాలకి పంపితే వచ్చే సంభావన ఎవరికి చెందుతుంది, తెల్లారుఝామున సుప్రభాతం నుంచి రాత్రి ఏకాంతసేవ దాకా గంటలు ఎవరైనా రాస్తున్నారా? ప్రసాద్ గారూ, కమిటీలో మీరున్నారుగా, చెప్పండి.

పెనుగొండ_ప్రసాద్
జీతం కాగితం మీద ఉంది. గంటలు రాయడం లేదు. సంభావనలో సగం గుడి తీసుకుంటుంది. ఎప్పటినుంచో అలాగే ఉంది.

రావుగారబ్బాయి
అది సేవ అండీ, ఉద్యోగం కాదు. దాన్నీ దీన్నీ కలపకండి.

విజయవాడ_పద్మజ
వీసా దరఖాస్తులో జీతం అంకె మీరే వేశారుగా. సేవ అయితే ఆ అంకె ఎందుకు? ఉత్తరం కంటే ముందు ఇది ఎజెండాలో పెట్టండి. స్వాముల్ని కూడా మీటింగుకి పిలవండి, ఒప్పుకుంటే.

పెనుగొండ_ప్రసాద్
పెడతాను. పిలవడానికి ట్రెజరర్ గారు ఒప్పుకోకపోవచ్చు.