అప్‌డేట్: పాత సినిమాలో మనుషులకు మళ్లీ మొహాలొచ్చాయి

నాన్నగారికి ఇష్టమైన పాత సినిమా డీవీడీని ఏఐ సాఫ్ట్‌వేర్‌తో 4కేకి పెంచితే అందరూ మైనపు బొమ్మల్లా తయారయ్యారని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. తొందర నాదే.

డిస్కులో ఉన్నది 720×576 పిక్సెళ్ల బొమ్మ, అదీ ఇంటర్లేస్డ్, అంటే ప్రతి ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా ఉంటుంది. కదలిక ఉన్న ప్రతిచోటా అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటే, సాఫ్ట్‌వేర్ ఆ పళ్లనే వివరాలనుకొని శ్రద్ధగా చెక్కి పెట్టింది! ఈసారి ముందు డీఇంటర్లేస్ చేసి, అంటే ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చి, తర్వాత రెండింతలకే పెంచాను. గ్రెయిన్‌ను, అంటే ఫిల్ము మీది సన్నటి నలుసులను, తుడిచే స్లైడర్‌ను దాదాపు సున్నాకు దించాను. నాయిక చీర నేతగీతలు, గడ్డం కింద నీడ తిరిగొచ్చాయి.

పాటలు కీచుగా ఎందుకున్నాయో కూడా తెలిసింది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ అనే టీవీ పద్ధతి కోసం 25తో పరుగెత్తించారు. 150 నిమిషాల సినిమా అలా 144 నిమిషాల్లో ముగుస్తుంది, గొంతులూ పైకి లేస్తాయి. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి 24కు తగ్గించాను. మొదటి పల్లవికే నాన్నగారు "ఇదీ శ్రుతి" అన్నారు.

ఒకరు 4కే77 అనే అభిమానుల పునరుద్ధరణను ఉదాహరణగా చెప్పారు. నిజమే, 1977 నాటి ‘స్టార్ వార్స్’ సినిమా కోసం అభిమానులు ఏకంగా 35 ఎంఎం ఫిల్ము ప్రింట్లనే స్కాన్ చేశారు. నాకు ప్రింటు ఎక్కడ దొరుకుతుంది? టైటిల్స్ మాత్రం ఇంకా వణుకుతున్నాయి, ఆదివారం వాటి పని పట్టాలి.