హోమ్‌బ్రూ ఫార్ములా: మ్యాక్‌లో బిల్డ్ అవుతోంది, లినక్స్‌లో ఆగిపోతోంది

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాను. టెక్స్ట్ ఫైల్ ఇస్తే అందులో ఏ లింకులు పనిచేయడం లేదో చెబుతుంది, అంతే. ఆఫీసులో నలుగురూ వాడుకుంటారని హోమ్‌బ్రూలో (మ్యాక్, లినక్స్‌లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) సొంత ట్యాప్, అంటే ఫార్ములాలు ఉంచే రిపాజిటరీ, పెట్టాను. ఫార్ములాలో (టూల్‌ని ఎలా బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే ఫైల్) సోర్స్ టార్‌బాల్ లింకు, దాని షా256 చెక్‌సమ్, బిల్డ్ డిపెండెన్సీగా రస్ట్, రస్ట్ బిల్డ్ టూల్ కార్గోతో ఇన్‌స్టాల్ చేసే లైను తప్ప ఇంకేమీ లేవు.

మ్యాక్‌లో చక్కగా ఇన్‌స్టాల్ అవుతోంది. ఉబుంటులో మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-సిస్ క్రేట్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని వాడుకునే రస్ట్ ప్యాకేజీ) దగ్గర, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ దొరకలేదంటూ ఆగిపోతోంది. ఉబుంటు ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పీకేజీ-కాన్ఫిగ్ రెండూ వేసే ఉన్నాయి! ఫార్ములాలో చెప్పనివాటిని బిల్డ్ సమయంలో హోమ్‌బ్రూ కనపడనివ్వదు, బహుశా అదే కారణం. మ్యాక్‌లో నా టూల్ వాడే నేటివ్-టీఎల్‌ఎస్ (సురక్షిత కనెక్షన్ల క్రేట్) యాపిల్ వాళ్ల లైబ్రరీనే వాడుకుంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

ఇప్పుడు ఆన్_లినక్స్ బ్లాకులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్@3, పీకేజీకాన్ఫ్ చేర్చడం మంచిదా, లేక మొత్తం రస్ట్‌ఎల్‌ఎస్‌కి (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అక్కర్లేని, రస్ట్‌లో రాసిన టీఎల్‌ఎస్ లైబ్రరీ) మారిపోవడమా? రెండోదే శుభ్రంగా అనిపిస్తోంది. కానీ మా ఇంట్రానెట్ సైట్లకు కంపెనీ సొంత సర్టిఫికెట్లు ఉన్నాయి, సిస్టమ్‌లో వేసిన వాటిని రస్ట్‌ఎల్‌ఎస్ చదవకపోతే ఎలా అని టెన్షన్.

ఇంకొకటి. ఫార్ములాలో ఇన్‌స్టాల్ అయ్యాక టూల్ పనిచేస్తోందో చూసే టెస్ట్ బ్లాకు ఉంటుంది; వెర్షన్ చూపించడం సరైన టెస్టు కాదని హోమ్‌బ్రూ డాక్యుమెంటేషనే చెబుతోంది. నెట్ మీదే ఆధారపడే ఇలాంటి టూల్‌కి టెస్ట్ బ్లాకులో మీరైతే ఏం రాస్తారు?