తొమ్మిదేళ్ల పిల్లవాడితో కలిసి టరాంటులా పెంపకం: ఏ జాతి, ఏ జాగ్రత్తలు?

ప్రశ్న

మేము డల్లాస్ దగ్గర ఉంటున్నాము. మా అబ్బాయి టరాంటులాల గురించి, అంటే ఒంటినిండా నూగుండే పెద్ద సాలీళ్ల గురించి, దొరికినదల్లా చదివి, ఒకటి పెంచుకుందామని అడుగుతున్నాడు. మా పుట్టిల్లు అనంతపురం జిల్లా కావడంతో, గుత్తి పేరు మోస్తున్న నీలిరంగు సాలీడే కావాలని వాడి పట్టుదల. దానితో మొదలుపెట్టవచ్చా, వాడిని చేతిలోకి తీసుకోనివ్వవచ్చా, ఏ పనులు వాడికి అప్పగించవచ్చు అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

అమ్మా, గుత్తి సాలీడుతో మాత్రం మొదలుపెట్టవద్దు. పొయెసిలోథీరియా మెటాలికా అనే ఈ జాతిని గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను బట్టి బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ 1899లో వర్ణించారు. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలోని చెట్ల తొర్రలు. ఆ అడవి తరిగిపోతున్నందున అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. పెంపకంలో పుట్టిన పిల్లలు మీ దేశంలో అమ్మకానికి దొరికినా, ఇది కన్నుమూసి తెరిచేలోగా పెట్టె దాటగలదు, కరిస్తే కండరాలు పట్టేసే తీవ్రమైన నొప్పి రోజుల తరబడి ఉండవచ్చు. పిల్లవాడున్న ఇంటికి ఇది తగదు.

మీకు తగినవి నేల మీద నెమ్మదిగా తిరిగే జాతులు: మధ్య అమెరికాకు చెందిన కర్లీ హెయిర్, మెక్సికన్ రెడ్ నీ, అరిజోనా బ్లాండ్. అడవిలో పట్టినది కాక పెంపకంలో పుట్టినదేనని అమ్మేవారిని అడిగి నిర్ధారించుకోండి. ఆడది ఇరవై ఏళ్లు దాటి బతకగలదు, మగది యుక్తవయసు వచ్చాక ఎక్కువ కాలం ఉండదు. అబ్బాయి కాలేజీకి వెళ్లిన తర్వాత కూడా దానిని చూసుకోవలసింది మీరేనని ముందే ఒప్పుకుని తెచ్చుకోండి.

చేతిలోకి తీసుకోవడం వద్దు. కాటు కంటే ముందు ఆలోచించవలసినవి రెండున్నాయి. అడుగు ఎత్తు నుంచి జారిపడినా దాని పొట్ట పగిలి చనిపోవచ్చు. పైగా ఈ జాతులు బెదిరినప్పుడు వెనుక కాళ్లతో పొట్ట మీది నూగును విదిలిస్తాయి, అది దూలగొండి నూగులాగా చర్మానికి దురద పుట్టిస్తుంది. కంటిలో పడితే మాత్రం దురదతో పోదు. నలపకుండా నీటితో కడిగి, వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. అందుచేత పెట్టె తెరిచే పని పెద్దలదే, ఆ సమయంలో పిల్లవాడు పెట్టె మీదకు వంగకూడదు.

రెండవ జవాబు

పెట్టె గురించి కొంత చేరుస్తాను. నాలుగైదు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు నింపి, దాక్కోవడానికి బెరడు ముక్క, ఒక నీటి మూకుడు పెట్టండి. పొట్టు పైనుంచి మూత వరకు ఎత్తు సాలీడు కాళ్ల చాపు కంటే ఒకటిన్నర రెట్లు మించకుండా చూడండి, ఎక్కితే పడేది అక్కడి నుంచే. మీరు సుఖంగా ఉండే గది వేడిమి దానికీ చాలు, వేడి దీపాలు అక్కరలేదు. ఇంట్లో పురుగుల మందు కొట్టించే రోజున పెట్టెను వేరే చోటికి తరలించడం మరవకండి.

అబ్బాయికి అప్పగించదగిన పనులు చాలా ఉన్నాయి. మేతగా వేసే కీచురాళ్లను పోషించడం, సాలీడు పొట్ట కంటే చిన్నదైన కీచురాయిని ఎంచి ఇవ్వడం, మేత వేసిన తేదీ, తిన్నదా లేదా, కుబుసం ఎప్పుడు విడిచింది అన్నవి పుస్తకంలో రాయడం అన్నీ వాడే చేయవచ్చు. పెద్ద సాలీడుకు వారానికో, రెండు వారాలకో ఒకసారి మేత చాలు. ఇండియా ప్రయాణం పెట్టుకున్నా కంగారు లేదు, పొరుగువారు అప్పుడప్పుడు నీళ్లు నింపితే పెద్దది కొన్ని వారాలు ఆహారం లేకుండా ఉండగలదు.

ప్రశ్న అడిగినవారు

మీ మాట ప్రకారం కర్లీ హెయిర్ తెచ్చాము. కొంతకాలంగా తినడం మానేసింది, ఈ ఉదయం వెల్లకిలా పడి ఉంది. చనిపోయిందని అబ్బాయి ఏడుస్తున్నాడు. ఏమి చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

ముట్టుకోకండి, పెట్టెను కదపకండి. వెల్లకిలా పడుకోవడం కుబుసం విడిచే పద్ధతి. చనిపోయేది సాధారణంగా బోర్లాగానే ఉండి కాళ్లు కిందకి ముడుచుకుంటుంది. లోపల కీచురాయి మిగిలి ఉంటే పొడవాటి పటకారుతో నెమ్మదిగా తీసేయండి, మెత్తగా ఉన్న సాలీడును అది కొరికి చంపగలదు. నీటి మూకుడు నిండుగా ఉండాలి. కుబుసం విడవడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ తర్వాత కోరలు తెలుపు నుంచి నలుపుకు తిరిగే దాకా, అంటే సుమారు వారం, పది రోజులు మేత వేయకండి.

విడిచిన కుబుసాన్ని పారేయకండి. చేతి తొడుగులతో, అబ్బాయికి కళ్లద్దాలు పెట్టి, సబ్బు చుక్క కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి పొట్ట భాగాన్ని విప్పండి. పొట్ట అడుగున పుస్తకం పుటల్లా పొరలుగా ఉండే శ్వాసావయవాల (పుస్తకాకార ఊపిరితిత్తుల) ముందు జత మధ్య చిన్న సంచిలాంటి మడత లోపలి వైపున కనిపిస్తే అది ఆడది. భూతద్దంతో వాడినే వెతకనివ్వండి, ఫోటో పెడితే మేము కూడా చూసి చెబుతాము.