హేలో ఆటలో తెలుగు సిరీస్ తీస్తున్నాం. అందరికీ హెల్మెట్లే, ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు. ఏం చేయాలి?

ఓరుగల్లు_స్పార్టన్:

అందరికీ నమస్తే. మేం నలుగురు స్నేహితులం. ముగ్గురం హనుమకొండలోనే ఉన్నాం, ఒకడు డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఇంటర్ రోజుల నుంచి కలిసి హేలో అనే అంతరిక్ష యుద్ధం వీడియో గేమ్ ఆడుతున్నాం. ఈ ఏడాది ఆ ఆటనే సెట్టుగా వాడుకుని తెలుగులో ఒక సిరీస్ మొదలుపెట్టాం, ఒక్కోటి ఎనిమిది పది నిమిషాల చొప్పున ఆరు ఎపిసోడ్లు. కథ ఏంటంటే, ఎక్కడో మారుమూల గ్రహం మీద ఒక చిన్న స్థావరానికి నలుగురిని కాపలా పెట్టి వదిలేస్తారు, యుద్ధం అయిపోయి మూడేళ్లయినా వాళ్లకి ఆ కబురు చెప్పేవాళ్లు లేరు.

పీసీలో మాస్టర్ చీఫ్ కలెక్షన్ (హేలో ఆటలు కొన్ని కలిపిన ప్యాక్) ఉంది, అందులో రీచ్ అనే ఆట వాడుతున్నాం. అందులో మనకి కావలసినవి మనమే కట్టుకునే ఫోర్జ్ వరల్డ్ అనే చోట నీళ్ల పక్కన స్థావరం కట్టడానికే మూడు వారాలు పట్టింది. మొదటి ఎపిసోడ్ తీసి ఇంట్లో చూపిస్తే మా అక్క ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు "ఇప్పుడు మాట్లాడింది ఎవరు?" అని అడిగింది. ముఖాలు కనపడవు, నోళ్లు కదలవు, అందరూ ఒకే ఎత్తు. మాట్లాడేటప్పుడు మౌస్ ఊపి తల ఆడించి చూశాం, చలిజ్వరం వచ్చినట్టు ఉంది. ఇంకో సమస్య, కూర్చుని కబుర్లు చెప్పుకునే సీన్‌లో కూడా చేతిలో తుపాకీ ఎక్కుపెట్టే ఉంటుంది, స్క్రీన్ మధ్యలో క్రాస్‌హెయిర్ (గురి చూసే గుర్తు) కనపడుతుంది. డల్లాస్ వాడితో షూటింగ్ అంటే మాకు ఉదయం 7:30, వాడికి ముందురోజు రాత్రి 9, వారానికి ఒక్కసారి కుదిరితే గొప్ప. యూట్యూబ్‌లో పెడితే తీసేస్తారేమో అన్న టెన్షన్ కూడా ఉంది. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

థియేటర్_మోడ్:

తమ్ముడూ, ముందు ఆ స్థావరం స్క్రీన్‌షాట్ పెట్టు, చూడాలని ఉంది.

క్రాస్‌హెయిర్ కనపడుతోందంటే మీలో ఒకరు కెమెరామన్‌గా నిలబడి, అతని స్క్రీన్‌నే నేరుగా రికార్డ్ చేస్తున్నారన్నమాట. అది 2003 నాటి పద్ధతి. ఆ ఏడాది ఏప్రిల్ 1న అమెరికాలో టెక్సస్ కుర్రాళ్లు రెడ్ వర్సెస్ బ్లూ అనే సిరీస్ మొదటి ఎపిసోడ్ పెట్టినప్పుడు వాళ్లకి వేరే దారి లేదు. ఎక్స్‌బాక్స్‌లు కలిపి, మొదటి హేలోలో బ్లడ్ గల్చ్ అనే లోయలో, ఒకరు కెమెరా అయితే మిగతావాళ్లు పాత్రల్ని నడిపించేవాళ్లు. తెర మీద గీతలు, అంకెలు కనపడకుండా పైనా కిందా నల్ల పట్టీలు వేసేవాళ్లు. ఆరో ఎనిమిదో ఎపిసోడ్లతో ఆపేద్దామనుకుని మొదలుపెట్టింది 2024 దాకా పందొమ్మిది సీజన్లు నడిచింది.

నీకు అంత కష్టం అక్కర్లేదు, రీచ్‌లో థియేటర్ మోడ్ ఉంది. నలుగురూ మామూలుగా సీన్ ఆడండి, ఆ ఫిల్మ్ సేవ్ అవుతుంది, తర్వాత థియేటర్‌లో తెరిచి కెమెరాని ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు, తెర మీది గుర్తులన్నీ తీసేయొచ్చు. ఒకే సీన్‌ని ఐదు కోణాల్లో ఒక్కడివే కూర్చుని తీసుకోవచ్చు. కెమెరామన్ అవసరం లేదు కాబట్టి ఒక ప్లేయర్ కూడా మిగులుతాడు.

ఒక జాగ్రత్త. ఆ ఫిల్మ్ ఫైల్ అంటే వీడియో అనుకోకు. ఆ ఆటలో ఎవరు ఎప్పుడు ఎటు కదిలారు, ఏం నొక్కారు అన్న లెక్క మాత్రమే అందులో ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ ఆట దాన్ని మళ్లీ ఆడి చూపిస్తుంది. 1996లో క్వేక్ ఆటలో డైరీ ఆఫ్ ఎ క్యాంపర్ అని రెండు నిమిషాలు కూడా లేని చిన్న సినిమా తీశారు, ఈ రకం సినిమాలకి అదే మొదలు అంటారు, అది కూడా ఇలాంటి లెక్కల ఫైలే, చూడాలంటే నీ దగ్గర క్వేక్ ఉండాల్సిందే. అందుకే ఆటకి అప్‌డేట్ వస్తే పాత ఫిల్ములు తెరుచుకోకపోవచ్చు. సీన్ ఆడిన రోజే అన్ని కోణాలూ ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వీడియోగా రికార్డ్ చేసి పెట్టుకో, రేపు తీద్దాంలే అని వదలొద్దు.

తుపాకీ సంగతి. మొదటి హేలోలో ఒక బగ్ ఉండేది. పిస్టల్ పట్టుకుని పూర్తిగా నేలవైపు చూస్తే, ఎదుటివాళ్లకి మాత్రం ఆ పాత్ర తల నిటారుగా పెట్టి, పిస్టల్ దించుకుని నిలబడినట్టు కనపడేది. ఆ టెక్సస్ వాళ్లు దాన్ని పట్టుకునే మాటల సీన్లన్నీ లాగించారు. అది చూసి హేలో తయారుచేసిన బంజీ కంపెనీ వాళ్లు హేలో 2లో తుపాకీ దించడానికి ఏకంగా ఒక బటన్ పెట్టారు. రీచ్‌లో నాకు అలాంటిది దొరకలేదు. నేనైతే ఫోర్జ్‌లో నడుము ఎత్తు గోడలు, పెట్టెలు వేసి పాత్రల్ని వాటి వెనక నిలబెడతాను, కెమెరా ఛాతీ పై నుంచి పెడతాను. వైడ్ షాట్‌లో తుపాకీ కనపడినా తప్పేం లేదు, వాళ్లు కాపలావాళ్లే కదా. కస్టమ్ గేమ్ సెట్టింగుల్లో డ్యామేజ్ రెసిస్టెన్స్‌ని ఇన్‌వల్నరబుల్ చేసుకో (అప్పుడు కాల్చినా ఎవరికీ దెబ్బ తగలదు), లేకపోతే మంచి టేక్ మధ్యలో ఎవడో ఒకడు పొరపాటున కాల్చేస్తాడు, మళ్లీ మొదటికొస్తుంది.

బొమ్మల_అక్క:

నాకు హేలో పెద్దగా రాదు, మా తమ్ముడు ఆడుతుంటే చూశానంతే. కానీ నీ ప్రశ్న చదవగానే మా ఊరే గుర్తొచ్చింది. మాది ధర్మవరం, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట మాకు దగ్గరే. చిన్నప్పుడు మా తాతయ్య ఆట ఎక్కడ కట్టినా తీసుకెళ్లేవాడు.

తోలుబొమ్మకి నోరు కదలదు. తెర మీద రావణుడూ హనుమంతుడూ ఎదురెదురుగా ఉంటారు, వెనక పాడేవాళ్లు, మాట చెప్పేవాళ్లు ఎవరూ కనపడరు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో మాకెప్పుడూ అనుమానం రాలేదు. ఎందుకో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. మాట్లాడే బొమ్మ చెయ్యి ఆడుతుంది, వినే బొమ్మ మాత్రం అసలు కదలదు. తెరకి ఆనించి అలా పట్టుకుని ఉంటారు. కన్ను కదిలే దానివైపు పోతుంది, చెవి వింటున్న మాటని దానికి అంటిస్తుంది.

మీ ఎపిసోడ్‌లో జరుగుతున్నది ఏంటంటే, ఒకడు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ ఊరికే ఉండలేక అటూ ఇటూ తిరుగుతుంటారు, గెంతుతుంటారు, ఆట ఆడే చేతులు కదా. వాళ్లని ఆపండి. వినేవాళ్లు మౌస్ మీంచి చెయ్యి తీసేసి కూర్చోవాలి. మాట్లాడేవాడు తల ఊపుతూనే ఉండక్కర్లేదు, గట్టిగా పలికే మాట దగ్గర ఒక్కసారి చిన్నగా దించి ఎత్తితే చాలు. ప్రశ్న అడిగితే ఎదుటివాడివైపు తిరగాలి, జవాబు ఇష్టం లేకపోతే నీళ్లవైపు తిరగాలి. మీకు నీళ్లు కూడా ఉన్నాయి కదా.

ఇంకోటి. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదకి రాకముందే గొంతు వినపడుతుంది, పిల్లలందరం నవ్వడం మొదలుపెట్టేవాళ్లం. మీ నలుగురికీ కవచం రంగులు వేరువేరుగా పెట్టే ఉంటారు, కానీ నడకలు? ఒకడు ఎప్పుడూ వంగి నడవొచ్చు, ఒకడు ఏదో ఒక పెట్టె ఎక్కి నిలబడొచ్చు, ఒకడు మాట్లాడే ముందు రెండడుగులు వెనక్కి వేయొచ్చు. మీ అక్క రంగు చూడకుండానే గుర్తుపడుతుంది.

దుప్పటి_స్టూడియో:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మాట గురించి చెప్తాను.

ఆడుతూ ఆడుతూ మాట్లాడుతున్నారా? అలా చేయకండి. ముందు మాటలన్నీ రికార్డ్ చేసి, కత్తిరించి, ఎపిసోడ్ మొత్తం ఒక రేడియో నాటకంలా తయారుచేయండి. కళ్లు మూసుకుని విన్నప్పుడు కథ అర్థం కావాలి. తర్వాత ఆ ఆడియో అందరి చెవుల్లో నడుస్తుండగా పాత్రల్ని కదిలించండి. దీంతో డల్లాస్ సమస్య కూడా తీరిపోతుంది. అతను తన మాటలు తన టైమ్‌లో రికార్డ్ చేసి పంపిస్తాడు, అతని బొమ్మని మీ ఊళ్లో ఎవరైనా నడిపించొచ్చు. గొంతు ఇచ్చేవాడే బొమ్మని నడిపించాలన్న రూల్ లేదు.

స్టూడియో అక్కర్లేదు. నేను మూడేళ్లు బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి, దానికి ఎదురుగా మందపాటి దుప్పటి కప్పుకుని రికార్డ్ చేశాను. ఫ్యాన్ ఆపాల్సిందే. ఏప్రిల్‌లో ఒకసారి ఉక్క భరించలేక ఫ్యాన్ ఒకటిలో పెట్టి నలభై నిమిషాలు చెప్పాను, మొత్తం పారేయాల్సి వచ్చింది, ఆ గర్‌ర్ అనే శబ్దం మాట కిందే ఉంటుంది, తీస్తే మాటా పోతుంది. అందరూ మైక్‌కి జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిరిగి మాట్లాడండి.

హెల్మెట్ రేడియో ఎఫెక్ట్ కావాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 300 హెర్ట్జ్ కింద, 3400 హెర్ట్జ్ పైన కోసేయండి, పాత టెలిఫోన్ గొంతు వస్తుంది. కానీ ప్రతి మాటకీ వేయకండి. దూరం నుంచి వైర్‌లెస్‌లో మాట్లాడినప్పుడే వేయండి, పక్కపక్కన కూర్చున్నప్పుడు శుభ్రమైన గొంతు ఉంచండి. అప్పుడు చూసేవాడికి ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది చెవికే తెలుస్తుంది.

చివరగా నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. సైన్స్ ఫిక్షన్ అనగానే మనవాళ్లు డబ్బింగ్ సినిమా తెలుగు రాస్తారు. "శత్రువులు మనల్ని చుట్టుముట్టారు, వెంటనే వెనుదిరగండి!" హనుమకొండ కుర్రాడు ప్రాణాల మీదకి వస్తే ఇలా అంటాడా? "అరేయ్ ఎన్కకు రా, గుట్ట మీద ఎవడో ఉన్నడు" అంటాడు. అలాగే రాయండి. నాలుగు ప్రాంతాల నలుగురిని పెట్టుకుంటే, ఒకరిది శ్రీకాకుళం యాస, ఒకరిది కడప, అసలు ఎవరు మాట్లాడుతున్నారన్న ప్రశ్నే రాదు. కాకపోతే ఆ యాస మాట్లాడేవాళ్ల చేతే చెప్పించండి, అనుకరించొద్దు, వినేవాళ్లకి బాధ కలుగుతుంది.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్:

నేను కొంచెం వేరేగా చెప్తాను. ముఖం కావాలంటే హేలో వదిలేసి వాల్వ్ కంపెనీ వాళ్ల సోర్స్ ఫిల్మ్‌మేకర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లండి, 2012లో వచ్చింది, ఉచితం, కనుబొమ్మ దగ్గర నుంచి పెదవి దాకా మనమే కదిలించొచ్చు. ఆ టెక్సస్ వాళ్లు కూడా 2010లో ఎనిమిదో సీజన్‌కి మాంటీ ఓమ్ అనే యానిమేటర్‌ని తెచ్చుకుని ఫైట్లు విడిగా యానిమేట్ చేయించారు. ఆటలో కుదరనివి ఆ ఫైట్లలో వచ్చాయి.

థియేటర్_మోడ్:

మంచి టూలే, కాదనను. కానీ అందులో పది సెకన్ల షాట్‌కి వారం పట్టిన రోజులున్నాయి నాకు. వీళ్లు నలుగురు స్నేహితులు, కలిసి ఆడుతూ తీసుకోవాలనుకుంటున్నారు. ఆటలో తీస్తే టేక్ బాగా రాకపోతే రెండు నిమిషాల్లో ఇంకోటి ఆడొచ్చు. ఆ ఎనిమిదో సీజన్ ఫైట్లు అద్భుతమే, మాంటీ ఓమ్ 2015లో చనిపోయినప్పుడు చాలా బాధపడ్డాను. అయినా నేను ఇప్పటికీ తిరిగి చూసేది మొదటి సీజన్ మొదలే. ఇద్దరు తమ స్థావరం పైన నిలబడి మనం ఇక్కడ ఎందుకున్నాం అని మాట్లాడుకుంటారు, అంతే, కెమెరా కూడా పెద్దగా కదలదు.

రూల్స్_చదివినవాడు:

యూట్యూబ్ భయం గురించి. హేలో హక్కులు మైక్రోసాఫ్ట్‌వి, వాళ్లకి గేమ్ కంటెంట్ యూసేజ్ రూల్స్ అని ఒక పేజీ ఉంది, 2007 నుంచి ఉంది, ఇలాంటి వీడియోల కోసమే. అభిమానులు సొంతంగా తీసుకోవచ్చు, యూట్యూబ్ యాడ్స్ కూడా ఒప్పుకుంటారు, కానీ వీడియోని అమ్మకూడదు, డబ్బు కట్టినవాళ్లకే చూపించకూడదు, బూతు, ద్వేషం లాంటివి ఉండకూడదు. వీడియో వివరణలో, ఇది ఆ రూల్స్ కింద తీసిందనీ మైక్రోసాఫ్ట్‌కి దీంతో సంబంధం లేదనీ చెప్పే వాక్యం పెట్టాలి, ఆ వాక్యం ఆ పేజీలోనే ఉంది, కాపీ చేసుకోండి. పెట్టే ముందు పేజీ మొత్తం ఒకసారి చదువుకోండి, రూల్స్ మారుస్తుంటారు.

అసలు గొడవ ఎక్కువగా సంగీతంతో వస్తుంది. ఆటలోని మ్యూజిక్‌ని సెట్టింగుల్లో సున్నా చేసి రికార్డ్ చేయండి. ఎమోషన్ సీన్ కదా అని తెలుగు సినిమా బీజీఎమ్ పెట్టారో, గంటలో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. మీ ఊళ్లో ఫ్లూట్ వాయించేవాళ్లనో, కీబోర్డ్ నేర్చుకునే పిల్లలనో పట్టుకోండి. ఇంకా, మీ ఒరిజినల్ ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచుకోండి. రెడ్ వర్సెస్ బ్లూ తీసిన రూస్టర్ టీత్ కంపెనీనే 2024లో మూసేశారు, తర్వాతి ఏడాది మొదటి ఫౌండర్లలో ఒకరైన బర్నీ బర్న్స్ ఆ పేరు తిరిగి కొనుక్కున్నాడు. ఇరవై ఏళ్ల పని ఒక వెబ్‌సైట్ మీద ఆధారపడి ఉండకూడదు.

ఓరుగల్లు_స్పార్టన్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న ఆదివారం ఒక్క సీన్ మళ్లీ తీశాం, రెండు నిమిషాలది. ఆడియో ముందే చేశాం, మా అమ్మ బీరువా ముందు. డల్లాస్ వాడు తన మాటలు కార్‌లో అద్దాలెక్కించుకుని రికార్డ్ చేసి పంపాడు, దుప్పటి కంటే బాగా వచ్చింది, అది కూడా రాసిపెట్టుకోండి ఎవరికైనా పనికొస్తుంది. వాడి బొమ్మని మా అక్కకే ఇచ్చాం. తనకి ఆట రాదు కాబట్టి చెయ్యి ఊరికే పెట్టుకుని కూర్చుంది, బొమ్మల అక్కా, మీరు చెప్పినట్టు కదలకుండా వినే పాత్ర అంటే అదే! మా ముగ్గురి కంటే తన బొమ్మే సహజంగా ఉంది.

అందులో వాడి పాత్ర "ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తుతలేరు" అని నీళ్లవైపు తిరుగుతుంది. థియేటర్‌లో ఆ షాట్ వెనక నుంచి తీశాను, హెల్మెట్ వెనక భాగమే కనపడుతుంది. రాత్రి వాడికి పంపిస్తే చాలాసేపు మెసేజ్ రాలేదు, తర్వాత ఫోన్ చేశాడు. థియేటర్ అన్నా, స్క్రీన్‌షాట్లు రాత్రికి పెడతాను. శ్రీకాకుళం యాస మాట్లాడే అమ్మాయి ఎవరైనా ఉంటే చెప్పండి, మూడో ఎపిసోడ్‌లో ఇంజినీర్ పాత్ర ఖాళీగా ఉంది, మొత్తం పదకొండు డైలాగులు.